డైనమోకి కట్టిన గుడ్డ

విలేకరి ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ చల్లారకముందే డెబ్బై ఏడు నాటి ఉప్పెన గురించి అడుగుతారు. ఎన్ని రోజులకు దివిసీమలోకి వెళ్లగలిగారు, ఏ నాయకుడు ఏమన్నాడు, హెలికాప్టర్లు ఎక్కడ దిగాయి అని. అవన్నీ చూశాను, రాశాను. నాతోపాటు ఇంకా చాలామంది రాశారు. నేను చెప్పాలనుకునేది ఆ తర్వాతి ఏడాది సంగతి. అప్పటికి పెద్ద పట్నాల విలేకరులు వెళ్లిపోయారు. బందరులో నావంటివాళ్లం మిగిలాం. ఈ ఉద్యోగం నిజంగా ఏమిటో నాకు అప్పుడు కొంత అర్థమైంది. దానికి కారణం ఒక గుడ్డ.

ఎప్పుడు చేరాను, ఎప్పుడు జీతం పెరిగింది అన్నవి ఇక్కడ రాయను. వాటివల్ల ఎవరికీ ప్రయోజనం లేదు.

ప్రారంభోత్సవం నాడు ఇంజను ఆపేశారు

ఒక మధ్యాహ్నం రత్నం మాస్టారు మా ఆఫీసుకి వచ్చారు. ఆయన బందరులో ఒక కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. అవనిగడ్డ దగ్గర ఒక పల్లెలో పుట్టారు. తండ్రి మిషన్ బడిలో పంతులు. గట్టిగా మాట్లాడితే ఎదుటివారు నొచ్చుకుంటారేమో అన్నట్టు మాట్లాడే మనిషి. చేతిలో కొన్ని నెలల కిందటి మా పేపరు ఉంది.

"పాలకాయతిప్ప దారిలో చేపలు పట్టేవాళ్ల పల్లెలో రేడియో, దానికి లౌడ్‌స్పీకరు పెట్టారని రాశారండి," అన్నారు.

"అవునండి. మా కోడూరు విలేకరి పంపాడు. ఏమైనా తప్పుందా?"

"తప్పేం లేదండి. పెట్టారు. కాకపోతే అది వినపడదు."

"చెడిపోయిందా?"

"బాగానే ఉందండి. వినపడదు, అంతే. మా మేనత్త వాళ్లు ఆ పక్కనే ఉంటారు. మీరు ఒకసారి వచ్చి చూస్తే బాగుంటుంది."

ఆ ఆదివారం ఇద్దరం బస్సెక్కాం. కోడూరు దాటాక అద్దె సైకిళ్ల మీద వెళ్లాం. పల్లెలో కొత్తగా కట్టిన తుపాను షెడ్డు ఒక్కటే పక్కా కట్టడం. మిగతావన్నీ కొత్త తాటాకు కప్పిన పాకలు. షెడ్డు మీద లౌడ్‌స్పీకరు, లోపల రేడియో సెట్టు, ఒక మూల చిన్న ఇంజను, దాని పక్కన డైనమో ఉన్నాయి. ఆ పల్లెకి కరెంటు లేదు. డైనమో తిరిగితేనే బ్యాటరీకి బలం, బ్యాటరీకి బలం ఉంటేనే లౌడ్‌స్పీకరుకి గొంతు. ప్రారంభోత్సవం నాడు బ్యాటరీ కొత్తది. పెద్దవాళ్ల ప్రసంగాలకు అడ్డమని ఇంజను ఆపేశారు. వార్తలు గంట కొట్టినట్టు వినిపించాయి. మా విలేకరి విన్నదే రాశాడు. ఉప్పుగాలికి బ్యాటరీ నీరసించాక, ఇంజను తిప్పకుండా ఆ సెట్టు పలకడం మానేసింది.

ఊరిపెద్ద వీరాస్వామి మమ్మల్ని షెడ్డులోకి తీసుకెళ్లాడు. ఉప్పెనలో భార్యనీ చిన్నకొడుకునీ పోగొట్టుకున్న మనిషి. ఆనాడు రేడియోలో హెచ్చరిక చెప్పారని అతనికి తర్వాత ఎవరో చెప్పారు. ఊళ్లో ఒక్కరూ వినలేదు.

"నేను చెప్పేదేంది, నీ చెవుల్తో నువ్వే ఇను బాబూ," అని ఇంజను తిప్పించాడు.

లౌడ్‌స్పీకరులోంచి మరమరాలు వేపుతున్న చప్పుడు వచ్చింది. దాని అడుగున ఎక్కడో ఒక మనిషి మాట్లాడుతున్నాడు.

"ఏం చెప్పాడు?" అని అడిగాడు వీరాస్వామి.

నాకు తెలియలేదు.

గుమ్మం దగ్గర వల బాగుచేసుకుంటున్న అతని అక్క కోటమ్మ తలెత్తకుండానే అంది. "గాలొస్తదన్నాడో, గోధుమలొస్తాయన్నాడో. మొన్న గోధుమలు పంచుతారని సంచులు పట్టుకుని కోడూరు దాకా పోయొచ్చాం."

వార్తల వేళకి ఇంజను ఆపేయవచ్చు కదా అని అడిగాను.

"ఆపితే సెట్టూ ఆగుద్ది. అయినా తుపాను కబురు నీ వార్తల టైముకే వస్తదా రిపోర్టరు బాబూ?" అన్నాడు వీరాస్వామి. "ఉప్పెనొచ్చింది కార్తీకంలోనే. మళ్లీ కార్తీకంలోపు ఇది పలకాలి. నాకు కావాల్సింది అదొక్కటే."

గోల ఎక్కడిది

తిరుగు బస్సులో మాస్టారు నాకు పాఠం చెప్పారు. డైనమో లోపల తిరిగే భాగాన్ని తాకుతూ బొగ్గు ముక్కలు ఉంటాయి. అవి రాసుకున్నప్పుడల్లా సన్నటి నిప్పురవ్వలు రాలతాయి. ప్రతి రవ్వా ఒక బుల్లి రేడియో స్టేషను లాంటిది. దాని ప్రసారమే ఆ మరమరాల చప్పుడు. తీగల వెంట వచ్చే గోలను అవనిగడ్డ రేడియో మెకానిక్కు ఒక కండెన్సరు పెట్టి చాలావరకు తగ్గించాడు. గాలిలో ఎగిరివచ్చే గోల మిగిలింది. దాన్ని ఆపాలంటే డైనమో చుట్టూ కరెంటు ప్రవహించే గోడ ఉండాలి. ఆ గోడ నుంచి భూమిలోకి ఒక తీగ దించాలి. గోల గోడకి తగిలి భూమిలోకి దిగిపోతుంది.

మెకానిక్కు రేకుపెట్టె కూడా చేసి పెట్టాడు. కొన్నాళ్లు పనిచేసింది. అతుకుల దగ్గర తుప్పు పట్టగానే రేకుకీ రేకుకీ మధ్య సంబంధం తెగింది. ఆ సందుల్లోంచి గోల మళ్లీ బయటికొచ్చింది.

"తుప్పు పట్టని గోడ కావాలండి. ప్లాస్టిక్ లాంటిది," అన్నారు మాస్టారు.

"ప్లాస్టిక్‌లో కరెంటు పోదనే కదండీ తీగల మీద తొడుగుతారు?"

"అందరం అలాగే చదువుకున్నాం. విదేశాల్లో ఎవరో ప్లాస్టిక్ పొరలో కరెంటు పారించారని ఈమధ్యే చదివాను. గాలి తగిలితే అది పాడైపోతుందట. మనకు పనికిరాదు. కానీ అలాంటిదే మన అద్దకాల్లో ఎప్పటినుంచో ఉంది. అనిలిన్ నలుపు."

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. అనిలిన్ అనే ద్రవాన్ని గుడ్డకు పట్టించి కొన్ని మందులు కలిపితే, దాని అణువులు ఒకదాని చేయి ఒకటి పట్టుకుని పొడుగాటి గొలుసులుగా నూలులో అల్లుకుపోతాయి. అదే రంగు. ప్లాస్టిక్ కూడా అలాంటి గొలుసులతో తయారయ్యేదే. ఈ గొలుసుల వెంట, సరిగ్గా కుదిరితే, కరెంటు నడుస్తుంది.

తర్వాతి వారం కాలేజీ ల్యాబులో చూపించారు. బల్లమీద కరెంటు గంట, పక్కన పొడుగు ఏరియల్ తీగ ఉన్న రేడియో పెట్టారు. గంట మోగించగానే రేడియోలో పాట చెడిపోయింది. చెక్క చట్రానికి గొడుగు గుడ్డ చుట్టి గంట మీద బోర్లించారు. మార్పు లేదు. దాన్ని తీసి, తాను అద్దిన గుడ్డ చుట్టి, భూమిలోకి తీగ కలిపారు. గంట మోగుతూనే ఉంది, పాట తేటపడింది. తీగ ఊడదీస్తే మళ్లీ గరగర. ఆ గుడ్డ రంగు నాకు గుర్తుంది. చెరువులో పాత పాచి రంగు.

డెస్కు తొందర

విజయవాడలో మా న్యూస్ ఎడిటరు గారికి ఫోన్లో ఈ సంగతి చెప్పడం పొరపాటో కాదో నాకిప్పటికీ తెలియదు. ఆయన మంచివాడు, చురుకైనవాడు. రోజూ అచ్చుయంత్రం కదిలే వేళకి పేజీ నింపాల్సిన మనిషి. అలాంటివాళ్లకి తెల్లకాగితం కనిపిస్తే ఆకలేస్తుంది.

"ఏమయ్యా, ఇంత వార్త చేతిలో పెట్టుకుని కూర్చున్నావేం? 'ఉప్పెనను ఓడించే గుడ్డ.' హెడ్డింగు కూడా నేనే ఇస్తున్నాను."

"గుడ్డ ఉప్పెనను ఓడించదండి. కాలేజీ గంటను ఓడించింది."

"పరిహాసాలొద్దు. ఇంకో పేపరువాడు రాశాక నీ గంట కొడదాం."

"పల్లెలో డైనమోకి కట్టి చూశాక రాస్తానండి."

"కట్టాక పనిచేయకపోతే?"

"పనిచేయలేదని రాస్తాను."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది. ఆ రోజుల్లో రాసిన వార్తను కవరులో పెట్టి గుడివాడ మీదుగా విజయవాడ పోయే బస్సు డ్రైవరు చేతికి ఇచ్చేవాళ్లం. వారంపాటు ఏ బస్సు కదిలినా, డెస్కులో ఎవరో ఆ కవరు కోసం చూస్తున్నారనిపించేది.

కరీముల్లా గారి నలుపు

ల్యాబు గిన్నెలో రుమాలు అద్దవచ్చు. డైనమో పెట్టెకి సరిపడే గుడ్డ అద్దాలంటే పెద్ద బానలు కావాలి. అందుకని మాస్టారు కరీముల్లా గారి దగ్గరికి వెళ్లారు, వెంట నేనూ వెళ్లాను. కరీముల్లా గారిది బందరులో తాతలనాటి అద్దకం కార్ఖానా. దుప్పట్ల మీద ఆయన వేసిన అచ్చు ఎక్కడున్నా గుర్తుపట్టవచ్చు.

"నలుపు నాకు కొత్తా మాస్టారూ? తుప్పు ఇనుము బెల్లం నీళ్లలో నానేసి తీస్తాం. మా ముత్తాత అద్దిన గుడ్డ ఇంకా నల్లగానే ఉంది. ఈ సీసా నలుపు బట్టని తినేస్తదండి. చీకిపోద్ది," అన్నారాయన.

"మీ నలుపులో కరెంటు పోదండి."

"నా నలుపులో కరెంటెందుకు పోవాలి? కట్టుకున్నావిడకి షాకు కొట్టడానికా?"

పనివాళ్లు నవ్వారు. సంగతంతా విన్నాక మాత్రం ఆయన వెంటనే ఒప్పుకున్నారు. ఆయన దగ్గర బట్టలు ఉతికే కుటుంబం ఒకటి ఉప్పెనలో కొట్టుకుపోయిందని తర్వాత తెలిసింది. అద్దకం రోజున మాస్టారు పక్కనే నిలబడి మందుల పాళ్లు చూశారు. మర్నాటి నుంచి కాలేజీలో పరీక్షలు. "ఆరాక మూటకట్టి ఉంచండి, ఆదివారం వెళ్దాం," అని చెప్పి వెళ్లిపోయారు.

ముసుగేసిన డైనమో

ఆ ఆదివారం ముగ్గురం వెళ్లాం. షెడ్డు ముందు ఊరంతా చేరింది. కరీముల్లా గారు మూట విప్పి గుడ్డను దులిపి పట్టుకున్నారు.

"చూడండి మాస్టారూ. కాటుకలా లేదూ?"

మాస్టారు దానివైపు కాస్త ఎక్కువసేపే చూశారు. ఏదో అనబోయారు. ఈలోగా పదిమంది చేతులు దాన్ని అందుకుని చెక్క చట్రానికి బిగించేశాయి. చట్రాన్ని డైనమో మీద బోర్లించి, భూమిలో దిగేసిన కడ్డీకి తీగ కలిపారు.

"పెళ్లికూతురికి మల్లే ముసుగేశారు. ఇక నోరెత్తదులే," అంది కోటమ్మ.

ఇంజను తిప్పారు. మరమరాల చప్పుడు ఎప్పటిలాగే వచ్చింది.

"సిగ్గులేని పెళ్లికూతురే," అందావిడ. కొందరు నవ్వారు. వీరాస్వామి నవ్వలేదు. మాస్టారు తీగ చూశారు, కడ్డీ చూశారు, చట్రం మూలలు బిగించారు. గోల తగ్గలేదు. ఇంజను ఆపించారు.

వీరాస్వామి ఆయన పక్కన గొంతుకూర్చున్నాడు.

"మాస్టారూ, ఒక మాట. ఇది పనిచేయకపోతే చేయదని చెప్పెయ్. మా పిల్లల్ని కార్తీకం నెల్లాళ్లూ కోడూరులో పెట్టుకుంటాం, ఇంకోటేదో చూసుకుంటాం. చేస్తదని చెప్పి మాత్రం ఎళ్లమాక. ఆ మాట నమ్ముకుని ఊళ్లో ఉండిపోతాం."

ఆయన ఏం చెబుతారా అని నేనూ చూస్తున్నాను. మాస్టారు సంచిలోంచి మీటరు తీసి గుడ్డకు రెండువైపులా ఆనించారు. ముల్లు కదల్లేదు.

"కరీముల్లా గారూ, ఆరాక దీన్ని ఏం చేశారు?"

"ఏం చేస్తానండి, అందరి బట్టకీ చేసేదే. ఆరేసరికి పచ్చ తిరిగింది. బట్టల సోడా వేసి ఉడికించి కాలవలో జాడించా. అప్పుడొచ్చింది ఈ నలుపు."

"పచ్చగా ఉన్నదాన్ని..."

"పచ్చ తిరిగిన నలుపు నా కార్ఖానాలోంచి బయటికి పోతే రేపు నా మొహం ఎవరు చూస్తారు మాస్టారూ?"

మాస్టారు షెడ్డు గోడకి జారగిలబడ్డారు. ఆయన కోప్పడతారనుకున్నాను. మెల్లగా నవ్వారు.

"నాకు కావలసింది ఆ పచ్చేనండి."

ఆ గొలుసుల్లో యాసిడ్ పట్టి ఉన్నంతసేపే కరెంటు నడుస్తుందట. అప్పుడు రంగు ఆకుపచ్చ. సోడా ఆ యాసిడ్‌ని చంపేస్తుంది. కంటికి అందమైన నలుపు వస్తుంది, గుడ్డ మామూలు గుడ్డ అయిపోతుంది. మాస్టారు తన ల్యాబులో ఎన్నడూ సోడా వాడలేదు. అద్దకం ఇంట్లో సోడా పెట్టకుండా గుడ్డ గడప దాటదు. ఎవరి అలవాటు వారికి ఎంత సహజమంటే, ఆ మాట రెండోవారికి చెప్పాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

బ్యాటరీలో పోసే యాసిడ్ షెడ్డులోనే ఉంది. మాస్టారు కుండలో నీళ్లు పోయించి, అందులోకి యాసిడ్ కొద్దికొద్దిగా ఒంపారు. పిల్లల్ని దూరంగా పంపమన్నారు. చట్రం నుంచి గుడ్డ ఊడదీసి కర్రతో ముంచారు. ముంచినచోటల్లా నలుపు విరిగి పాచిరంగు పైకి వచ్చింది. కరీముల్లా గారు చూడలేక సముద్రంవైపు తిరిగి నిలబడ్డారు.

గాలికి ఆరేసరికి సాయంత్రం వార్తల వేళయింది. మళ్లీ బిగించారు. ముందు మీటరు పెట్టి చూశారు. ముల్లు లేచింది. ఇంజను తిప్పారు. గోల పూర్తిగా పోలేదు. చెవి దగ్గర దోమంత మిగిలింది. దాని మీద మనిషి గొంతు నిలబడి మాట్లాడింది. కోస్తాలో వాతావరణం పొడిగా ఉంటుందని చెప్పింది. ఊరు కదలకుండా విన్నది. వార్తలయ్యాక ధరలు చెప్పారు. గుడివాడలో ధాన్యం ఎంత పలికిందో ఆ పల్లెలో ఎవరికీ అక్కర్లేదు. అదీ చివరిదాకా విన్నారు.

కరీముల్లా గారు దారిలో నాతో ఒకే మాట అన్నారు. "పేపర్లో ఆ పచ్చ గుడ్డ మాదని రాయకండి బాబూ."

రాయలేదు. ఆ ఇంటివాళ్లు చెప్పుకోవచ్చన్నాకే ఇప్పుడు చెబుతున్నాను.

ఏం రాశాను

జరిగింది జరిగినట్టు రాశాను. మొదట పనిచేయలేదని, సోడా పెడితే పోతుందని, యాసిడ్ వల్ల గుడ్డ త్వరగా చీకుతుందని, సముద్రపు తడికి బలం తగ్గుతుంది కనుక మధ్యమధ్య మళ్లీ ముంచాలని, గోల తగ్గుతుందే తప్ప పోదని. న్యూస్ ఎడిటరు గారు ఫోన్ చేశారు.

"మధ్యలో ఆ విఫలమైన భాగం తీసేస్తున్నాను. దాన్నెవడు చదువుతాడయ్యా?"

"ఇంకో ఊళ్లో ఈ గుడ్డ అద్దేవాడు చదువుతాడండి. చదవకపోతే సోడా పెడతాడు."

ఆయన, "నీ వార్తకి తల కంటే కడుపు పెద్దది," అన్నారు. లోపలి పేజీలో, హెడ్డింగు చిన్నది చేసి, మొత్తం వేశారు. ఆయన హెడ్డింగుల మీద నాకు ఎన్నో ఫిర్యాదులున్నాయి. ఆరోజు హెడ్డింగు మీద లేదు.

కరెంటు నడిచే అలాంటి గొలుసు పదార్థాలకు, అంటే పాలిమర్లకు, తర్వాత ప్రపంచంలో చాలా పేరొచ్చింది. యంత్రాల గోల ఒకదాని నుంచి ఒకదానికి పాకకుండా కవచాలుగా వాడతారని చదివాను. రత్నం మాస్టారి పేరు వాటిలో ఎక్కడా ఉండదు. ఆయన వెతుక్కున్నట్టు కూడా నాకు గుర్తులేదు.

కొత్తగా వచ్చేవాళ్లకి నేను చెప్పేది కొంచెమే. ఎవరైనా ఒకటి పనిచేసిందని చెబితే, ఎక్కడ చేసింది, అప్పుడు పక్కన ఇంకేం నడుస్తోంది అని అడగండి. తర్వాత, ఎవరూ పిలవకపోయినా, మరోసారి వెళ్లి చూడండి.

కార్తీకం

ఆ కార్తీకంలో ఒక పగటిపూట రేడియోలో తుపాను హెచ్చరిక వచ్చింది. వార్తల వేళ కాదు. బందరు ఆఫీసులో విన్నాను. దివిసీమకు ఫోను కలవలేదు. రాత్రంతా ఈదురుగాలి, వాన. తెల్లవారేసరికి వాయుగుండం సముద్రంలోనే బలహీనపడిందని చెప్పారు. దొరికిన మొదటి బస్సులో బయల్దేరాను.

నేను పల్లె చేరేసరికి జనం షెడ్డులోంచి సామాన్లు మోసుకుంటూ పాకల్లోకి వెళ్తున్నారు. అందరూ ఉన్నారు. నన్ను చూడగానే కోటమ్మ తడిసి కుళ్లిన ఎండుచేపల తట్ట తెచ్చి నా ముందు దించింది.

"చూడు నీ రేడియో నిర్వాకం. అది ఒకటే అరుపు, లోపలికి పొమ్మని. ఎండేసినయ్యి ఎండేసినట్టే వదిలి పరిగెత్తాం. చివరికి ఏమొచ్చింది? వాన. వానకి ఇంత గోలా?"

"ఇంజను నడుస్తుండగానే వినపడిందా?" అని అడిగాను.

"పడబట్టే కదా ఈ నష్టం," అందావిడ.

వీరాస్వామి షెడ్డులోంచి వచ్చాడు. చేతిలో చెక్క చట్రం ఉంది. గుడ్డ ఒకవైపు నిలువునా చీకిపోయి వేలాడుతోంది. చిరిగినచోట ఎవరో గోనెపట్టా ముక్క కుట్టారు.

"అక్క మాటలకేంగానీ బాబూ," అన్నాడు. "ఇది ఇంకో వారం కూడా ఆగదు. ఇంకో గుడ్డ కావాలని మాస్టారుకి చెప్పు. ఈసారి రెండు తెమ్మను."